చక్రాల ఫోటోలు

నేను ఈ ఇంట్లో పనికి చేరిన రోజే బండి లోపలి అద్దాన్ని పైకి తిప్పి పెట్టినాడు బాబా, అంటే ఇంటి యజమాని. వెనక సీట్లో ఆడోళ్లు కూర్చుంటారు, డ్రైవరుకు వాళ్ల మొగాలతో పని లేదు. ఆ అద్దంలో నాకు కనపడేది బండి కప్పు ఒక్కటే. వెనక ఏమొస్తాందో చూసుకోవాలంటే పక్క అద్దాలే దిక్కు. దోహాలో ఇండ్ల బండ్లు తోలే మా రాయచోటి పక్కోళ్లకు ఇదేం కొత్త కాదు. ఫోను సంగతీ అంతే. ఇంటి ఆడపిల్లలు ఉన్న తావున ఫోను ఎత్తగూడదు. అవసరం పడి ఎత్తినా నేల వైపు వంచి పట్టుకోవాల. ఎవురూ కూర్చోబెట్టి చెప్పింది లేదు. కొన్నాళ్లకు చెయ్యే నేర్చుకుంటాది.

నా పేరు రామాంజులు. నేను ఈ ఇంటి డ్రైవర్ని. నా భార్య అంకాలమ్మ ఇదే ఇంట్లో వంట చేస్తాది. గేటు పక్కన ఒక రూము ఇచ్చినారు మా ఇద్దరికీ. వయసులో ఉన్నప్పుడు ఆమె కువైట్లో ఉంటే నేను ఇంటికాడ, నేను ఈ దేశం వస్తే ఆమె ఇంటికాడ. కలిసి ఉండింది ఈ ముసలితనంలోనే, ఈ గేటు రూములోనే. తెల్లారి ఆమె లోపలికి పోతా పోతా నా మంచం పక్కన టీ గ్లాసు పెట్టి, దాని మీద మూతగా ఒక సాసరు పెట్టి పోతాది. నేను ఏమీ అనను. ఆమె ఏమీ అడగదు. మాకు అదే కాపురం.

పోయినేడు నా కంటికి పొర తీసినారు. అప్పట్నుంచి పెద్దమామాకు, అంటే బాబా తల్లికి, నా మీద నమ్మకం తగ్గింది. కండ్లు పోయిన ముసలోడికి ఆడపిల్లల్ని ఎట్ల అప్పజెప్తారు అని రోజూ గొణిగేది. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. బాబా ఒకసారి నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు.

"రామా, నీ పేరు మీద ఒక్క తప్పు కూడా రానీకు. వస్తే మా అమ్మకు నేను ఎదురు చెప్పలేను."

అంకాలమ్మ వీసా కాగితాలు అప్పుడే కొత్తగా చేసినారు. పెద్దమామాకు ఆమె కాచే గంజి తప్ప ఇంకోటి గొంతు దిగదు. ఆమెను వదలరు. పంపిస్తే నన్నొక్కణ్ణే పంపుతారు. ఇది బాబా చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్ రువైస్ నుంచి తిరిగొస్తాండాము. పెద్దమామాకు అక్కడి రేవు చేపలే కావాల. వెనక సీట్లో ఎడమ పక్క మరీహా కూర్చోనింది. బాబా కూతురు, కాలేజీలో చదువుతాది. కుడి పక్క హసీనా. ఇంట్లో పని చేసే పిల్ల, మా ఊరి దగ్గర పిల్లే, నన్ను చిన్నాయన అంటాది. డిక్కీలో ఐసు పెట్టెలో చేపలు. గాలికి ఇసుక రోడ్డు మీద అడ్డంగా పోతాంది. నేను కుడి లైనులో నిదానంగా తోలుతాండా. ఎడమ లైనులో ఒక తెల్ల పికప్పు నాకు సమంగా వస్తా వస్తా, ఉన్నట్టుండి నా పక్కకు ఒరిగింది. దాని ముందు చక్రం కాడి రేకు మా వెనక తలుపుకు కొట్టుకునింది. ఇద్దరమూ బ్రేకు వేసినాము. ఎక్కడి బండి అక్కడే నిలబడింది. దిగి చూస్తే ఆ పికప్పు ముందు చక్రం తెల్లగీత దాటి పూర్తిగా నా లైనులో ఉండాది.

ఎవురికీ దెబ్బలు తగల్లేదు. పికప్పులోంచి ఒక మనిషి దిగినాడు. నలభై ఏండ్లుంటాయేమో. కంపెనీ చొక్కా వేసుకోని ఉన్నాడు. హసీనా లోపల్నుంచి "చిన్నాయనా, దెబ్బేమైనా తగిలిందా" అని అరిస్తే విన్నాడు. వాడి మొగం మారింది.

"మనోళ్లేనా? ఏ ఊరు కాక మీది?"

హసీనా కిటికీలోంచే అనింది. "గుద్దినాక చుట్టరికం కలుపుతాండాడు చూడు."

వాడి పేరు ముత్యం. జగిత్యాల దిక్కు. పొద్దట్నుంచి సైటు నుంచి సైటుకు సామాన్లు మోస్తానే ఉన్నాడంట, ఒక్క క్షణం కన్ను మూతబడిందంట. నేను అడగకముందే చెప్పినాడు.

"నాదే తప్పు కాక. ఆఫీసుల గదే చెప్త."

నేను తల ఊపినాను.

ఈ దేశంలో చిన్న గుద్దుడైతే పోలీసోళ్లు వచ్చేదాకా ఆగగూడదు. బండ్లు ఉన్నవి ఉన్నట్టు ఫోటోలు తీసి, వెంటనే పక్కకు తీసుకోవాల. అడ్డం పెట్టుకొని నిలబడితే జరిమానా. ఆ ఫోటోలు ఫోనులో పంపిస్తే ట్రాఫిక్ పోలీసు ఆఫీసోళ్లు చూసి తప్పు ఎవురిదో తేలుస్తారు. ముత్యం ఫోను అద్దం పగిలిపోయి ఉంది, మీరే తియ్యిండ్రి అన్నాడు.

నేను బండ్ల ముందు నిలబడి ఫోను ఎత్తినాను. ఫోను తెర మీద రెండు బండ్లూ పడినాయి, గీత పడింది, గీత దాటిన చక్రం పడింది. వాటితోపాటు కిటికీలో మరీహా పడింది. గాలికోసం అద్దం దించుకోని, నుదురు పట్టుకోని ఉంది. ఆ అదురుకు తలమీది నల్లగుడ్డ భుజాల మీదికి జారిపోయింది. అంతకాలం ఆ ఇంట్లో ఉండి ఆ పిల్ల జుట్టు నేను చూడలేదు. నిప్పు తగిలినట్టు చెయ్యి దించినాను. ఆ తర్వాత నేల మీద గొంతుక్కూర్చోని, ఫోను వంచి పట్టుకోని, చక్రాలు తీసినాను. సొట్ట తీసినాను. పికప్పు ముందు రేకు తీసినాను. ఎక్కడా కిటికీ పడకుండా చూసుకున్నాను. వెనక బండ్లోళ్లు హారన్ల మీద హారన్లు కొడతాండారు. ఇద్దరమూ బండ్లు పక్కకు తీసినాము.

పక్కకు తీసినాక గీత గీతే, రోడ్డు రోడ్డే. అక్కడ ఏం జరిగిందో చెప్పేది ఇంకేమీ మిగల్లేదు.

ఫోను వంచి తీసినవి బాబాకు వాట్సాప్‌లో పంపినాను. బాబా ఆఫీసుకు పంపినాడు. ఇంటికొచ్చినాక మరీహా తండ్రికి చెప్పిందంట, పికప్పే మన మీదికి వచ్చిందని. నువ్వు ఆఫీసుకు పోయి చెప్తావా ఏంది, డ్రైవర్లు తేల్చుకుంటారులే అన్నాడంట బాబా. కొన్నాళ్లకు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈ ఫోటోల్లో దెబ్బ తెలుస్తాంది గానీ ఎవురు ఎవురి లైనులోకి వచ్చినారో తెలియడం లేదు, ఇద్దరు డ్రైవర్లూ రావాల అని. అవతలి డ్రైవరు చెప్పింది కూడా బాబా చదివి వినిపించినాడు. నేనే అతని లైనులోకి పోయినానంట.

నాకు కోపం రాలేదు. వాడికీ ఒక బాబా ఉంటాడు గదా అనుకున్నాను.

ఆ పూట పెరట్లో బయటి వంటింటి కాడ కూర్చోనుంటే హసీనా నా ఫోను తీసుకుంది. అంకాలమ్మ పొయ్యి ముందర నిలబడి గంజి కలుపుతాంది. హసీనా ఒక్కొక్క ఫోటో చూసి నవ్వింది.

"పెండ్లికి పోయి చెప్పులకు ఫోటోలు తీసినట్టుండాది చిన్నాయనా. ఇది చక్రం. ఇదీ చక్రమే. ఇదేంది, నీ బొటనేలా?"

అంకాలమ్మ నవ్వలేదు. హసీనా వేలితో వెనక్కి జరిపి జరిపి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫోను నా ముందర పెట్టింది. నేను మొదట ఎత్తినప్పుడు, ఉలిక్కిపడి దించేముందు, నాకు తెలియకుండానే నా వేలు నొక్కేసింది. ఫోటో పడింది. అన్నీ ఉన్నాయి అందులో. గీత, చక్రం, మా బండి, వాడి బండి. మరీహా కూడా ఉంది, తల మీద గుడ్డ లేకుండా.

హసీనా గొంతు తగ్గించి అనింది. "ఇది చూపిస్తే నీ తప్పు లేదని తేలిపోతాది."

అంకాలమ్మ గరిటె పక్కన పెట్టి వచ్చి చూసింది. వెంటనే కొంగుతో ఫోను కప్పింది, ఎండకు కాదు. ఎదురింటి డ్రైవరు మాట గుర్తు చేసింది. మలయాళీ అతను, మంచి మనిషి. పిల్లల పుట్టినరోజుకు కేకు ఫోటో తీసినాడు, వెనక ఆ ఇంటి కోడలు పడింది. మరుసటి వారం అతని రూముకు తాళం. బాబా మంచోడే గానీ నీ ఫోనులో తన కూతురి జుట్టు చూస్తే మంచోడుగా ఉంటాడా అనింది.

అంతలో మరీహా పెరట్లోకి వచ్చింది, పిల్లికి చేప ముక్కలు వేసేదానికి. మా ముగ్గురి మొగాలు చూసి ఏమయిందని అడిగింది. హసీనా దాచలేకపోయింది. ఫోను ఇచ్చింది. నేను లేచి నిలబడి గోడ వైపు తిరిగినాను.

మరీహా చానాసేపు చూసింది. ఇది నాకు పంపు, నేనే బాబాకు చూపిస్తా అనింది అరబ్బీలో. హసీనా నా వైపు చూసింది. డ్రైవరు ఫోను నుంచి ఇంటి ఆడపిల్ల ఫోనుకు ఆమె ఫోటో పోవడమా. నేను తల అడ్డంగా ఊపినాను. మరీహాకు కూడా అర్థమయినట్టుంది, మళ్లీ అడగలేదు. అయితే మేము చేసినట్టు చెయ్యండి అనింది. ఆ కాలేజీ పిల్లలు ఫోటోలు పెట్టుకునేటప్పుడు మొగం మీద ఒక పువ్వు బొమ్మ అతికిస్తారంట. మొగం కనపడదు, మిగిలిందంతా కనపడతాది. చెప్పిన చెయ్యితోనే చేసి చూపించింది. కిటికీలో ఒక గులాబీ పువ్వు పూసింది.

"పోలీసోళ్లకు పువ్వు పంపిస్తావా" అనింది అంకాలమ్మ తెలుగులో. హసీనా అది అరబ్బీలో చెప్తే మరీహా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని నవ్వింది. ఆ పూట పెరట్లో అందరమూ నవ్వినాము. నేను కూడా.

పువ్వు తీసేసి నలుపు పూసినారు. కిటికీ ఉన్నకాడ ఒక నల్ల మచ్చ, అంతే. గీత స్పష్టంగా ఉంది, చక్రం స్పష్టంగా ఉంది. మరీహా లోపలికి పోయింది. అంకాలమ్మ ఫోను వదల్లేదు. కప్పినాక లోపలిది ఎందుకు, ఏ చెయ్యి పడుతుందో ఏమో, తీసెయ్ అనింది హసీనాను. హసీనా అసలుదాన్ని తుడిచేసింది. తుడిచినవి కొన్నాళ్లు ఇంకోచోట ఉంటాయంట, అక్కడా తుడిచింది. అంకాలమ్మ రెండుసార్లు అడిగి నమ్మకం చేసుకుంది. ఆ సాయంత్రం నాకు మామూలుకంటే ముందే టీ వచ్చింది.

ఆఫీసుకు బాబా నాతో వచ్చినాడు. ముత్యం ముందే వచ్చి గోడ పక్కన కూర్చోనున్నాడు. నన్ను చూసి లేచినాడు, లేచి ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. ఆఫీసరు చిన్న వయసోడు, మర్యాదస్తుడు. హిందీ వచ్చు. ముందు బండి చూస్తానని బయటికి వచ్చినాడు. సొట్ట చూసినాడు. తలుపు తీసి లోపలికి వంగి, పైకి తిరిగున్న అద్దాన్ని చూసినాడు.

"ఇందులో వెనక ఏం కనపడతాది నీకు?"

ఏమీ కనపడదు అన్నాను.

"మరి ఇట్ల పెట్టుకోని ఎట్ల తోలుతాండావు?"

పక్క అద్దాలు అన్నాను. ఈ అద్దం తిప్పిన మనిషి నా పక్కనే తెల్లని బట్టల్లో నిలబడి ఉన్నాడు. ఆయన ఆ పొద్దు ఎండ ఎక్కువగా ఉందన్నట్టు రోడ్డు వైపు చూస్తాండాడు. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు.

లోపలికి పోయినాక నా ఫోను ఇచ్చినాను. ఆ ఫోటో చూసేసరికి ఆఫీసరు నిటారుగా కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఇది ఎందుకు పంపలేదు, గీత బాగా కనపడతాంది గదా అన్నాడు. నా లోపల ఏదో వదులయింది. తర్వాత ఆయన ఫోటోను పెద్దది చేసినాడు. ఫోను నా వైపు తిప్పినాడు.

"ఈ నల్లది ఏంది?"

నేను బాబా వైపు చూసినాను.

"ఎవరు పూసినారు?"

"నేనే."

"దీని కింద ఏముంది?"

బాబా కూడా వంగి చూసినాడు. నా చేతులు ఒకదాన్నొకటి పట్టుకోనున్నాయి. ఏమని చెప్పేది. ఈ మగోళ్ల మధ్య, ఆ తండ్రి పక్కన నిలబడి, నీ కూతురు తల మీద గుడ్డ లేకుండా ఉంది, నేను ఫోటో తీసినాను అని చెప్పాల్నా. ఆఫీసరు కోప్పడలేదు. ఓపికగా చెప్పినాడు. గీసిన ఫోటో, పూసిన ఫోటో మేము తీసుకోము, ఒకచోట మార్చినోడు ఇంకోచోట మార్చలేదని ఎట్ల నమ్మేది. అసలుది తీసుకురా, ఇప్పుడే నీ పక్కన రాస్తా.

"లేదు సార్."

"ఏమయింది?"

"తుడిచేసినాను."

ఆయన నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. జాలిపడిన చూపు కాదు, తిట్టిన చూపూ కాదు. దొంగను పట్టుకున్నోడు కొంచెం బాధపడితే అట్ల ఉంటాది. ముత్యం వైపు తిరిగి నీకేమైనా తెలుసా అని అడిగినాడు. ముత్యం తన బూట్లు చూసుకుంటాండాడు. నా లైనులకే వచ్చిండు సార్ అన్నాడు హిందీలో, బూట్లకే చెప్పినట్టు.

తప్పు నా పేరు మీద రాసినారు.

బాబా ఇంకేదో కాగితం పని మీద లోపలుంటే, నేను బయట నీళ్ల కాడ నిలబడినాను. ముత్యం వచ్చినాడు. గ్లాసు నింపి నాకిచ్చినాడు.

"నల్లది కింద ఏమున్నదో నాకెరికే కాక. పొల్ల ఉన్నది. జెప్తే నువ్వెందుకు చూసినవురా అని నన్నే పట్కుంటరు. మా కంపెనీల ఇదివరకే ఒక గుద్దుడున్నది నా పేరు మీద. ఇంకోటైతే పంపిస్తరు."

"తాగు. ఎండగా ఉంది" అన్నాను.

"తిట్టరాదు కాక, ఒక్క మాట."

వాడి గ్లాసు నేను నింపినాను. వాడు తాగకుండా పట్టుకోని నిలబడినాడు.

తిరిగి వచ్చేటప్పుడు తాళం నాకివ్వలేదు బాబా. తానే తోలతానని కూర్చున్నాడు. కూర్చోగానే లోపలి అద్దాన్ని కిందికి దించి, వెనక రోడ్డు కనపడేట్టు సరిచేసుకున్నాడు. నేను పక్క సీట్లో కూర్చోనుంటి. చానా దూరం పోయినాక అడిగినాడు.

"ఆ నల్లది కింద మరీహానా?"

నేను తల ఊపినాను.

"తల మీద గుడ్డ లేదా?"

"జారిపోయింది బాబా. గుద్దినప్పుడు. నేను చూసి తీసింది కాదు."

ఆయన బండి పక్కకు ఆపినాడు. నా భుజం మీద చెయ్యి వేసినాడు. నువ్వు నా ఇంటి మర్యాద కాపాడినావు, దేవుడు నీకు మేలు చేస్తాడు అన్నాడు. ఆయన కండ్లు తడిసినాయి. ఆ క్షణాన నేను అడిగుండొచ్చు. వెనక్కి పోయి ఆఫీసరుకు చెప్పండి, మీ నోటితో చెప్తే నమ్ముతాడు అని. అడగాలని నోరు తెరిచినాను కూడా. ఆయన అప్పటికే బండి ముందుకు పోనిచ్చినాడు. చెప్పాలంటే కూతురి సంగతి చెప్పాల. దాన్ని నేను దాచి కాపాడినాననే గదా ఆయన సంతోషపడింది.

పెద్దమామా ఆ రాతకోసమే కాచుకోనున్నట్టుంది, నన్ను ఊరికి పంపెయ్యమనింది. బాబా ఆమె ఎదుట నిలబడి చానాసేపు మాట్లాడినాడని హసీనా చెప్పింది. నాతోపాటు అంకాలమ్మను కూడా పంపించమని అడిగినాడంట. నా గంజి ఎవరు కాస్తారు అనిందంట ఆమె. అంకాలమ్మ పోయి ఆమె కాళ్లు పట్టుకుంటే, ముసలామె అంకాలమ్మ తల నిమిరి, నువ్వు నా కూతురులాంటిదానివి, నిన్నెట్ల వదులుతా అనిందంట. అది విని హసీనా ఏడ్చింది. అంకాలమ్మ ఏడవలేదు. వచ్చి నా బట్టలు ఉతికి ఆరేసింది, పెట్టెలో పెట్టేదానికి.

కొత్త డ్రైవరు వచ్చినాడు. గిరి అని, లక్కిరెడ్డిపల్లె పిల్లోడు. పెండ్లి కాలేదు, చురుకైనోడు. నా టికెట్టు అయ్యేలోగా వాడికి దోవలు చూపించమన్నాడు బాబా. మొదటి రోజు మరీహాను కాలేజీకి దించాల. నేను పక్క సీట్లో కూర్చున్నాను. మరీహా వెనక కూర్చోని సలాం అనింది, నా పేరు పెట్టి. ఇంకేమో అనబోయినట్టు ఊపిరి పీల్చుకోవడం వినపడింది.

గిరి బండి ఎక్కుతానే అద్దం అందుకున్నాడు. బాబా దించింది దించినట్టే ఉండాది.

"ఎత్తు చాలడం లేదు పెద్దాయనా, వెనక సరిగ్గా కనపడదు" అని కొంచెం కదిపినాడు.

నాకు చెప్పాలని ఉండె. అద్దం అట్లే పెట్టుకో, ఏదన్నా అయితే ఫోను పైకెత్తి అంతా తియ్యి, ఎవురు పడితే వాళ్లు పడనీ, దేన్నీ తుడవద్దు అని. మాట నాలిక మీదికి వచ్చింది. వెనక మరీహా ఉంది. ఆ పిల్ల ఉందనుకుంటానే నా చెయ్యి లేచింది. అద్దాన్ని పట్టుకోని కప్పు వైపు తిప్పింది.

"పక్క అద్దాలు చూసుకో" అన్నాను.

తిరిగొచ్చేసరికి గిరి సంచీ గేటు రూములో నా మంచం మీద ఉంది. అంకాలమ్మ బట్టల మూట హసీనా ఉండే లోపలి రూముకు పోయింది. ఆ రూములోకి మగోళ్లు పోగూడదు. నేను గేటు కాడ రాతి మెట్టు మీద కూర్చున్నాను. అంకాలమ్మ వచ్చి టీ గ్లాసు నా పక్కన పెట్టింది, సాసరు మూత పెట్టింది. ఇంకో గ్లాసు గిరికి ఇచ్చింది. పెద్దమామా లోపల్నుంచి పిలిచింది. అంకాలమ్మ కొంచెంసేపు నిలబడి, లోపలికి పోయింది.

నేను మూత తియ్యలేదు.